ఛాయాచిత్రంలో మర్యాద: మోనా అహ్మద్ చిత్రాల పరిశీలన

తెలుగులో ఫొటోకు సంబంధించి రెండు క్రియలున్నాయి. ఒకటి తీయడం, రెండవది తీయించుకోవడం. మొదటి దానిలో ఇష్టాయిష్టాలు కెమెరా పట్టుకున్న వారివి. రెండవ దానిలో అవి కెమెరా ఎదుట కూర్చున్న వారివి. పెళ్ళయిన కొత్తలో దంపతులు స్టూడియోకు వెళ్ళి ఫొటో తీయించుకుంటారు. షష్టిపూర్తినాడు పిల్లలనూ మనుమలనూ చుట్టూ నిలబెట్టుకొని పెద్దలు ఫొటో తీయించుకుంటారు. మురికివాడలో నివసించే కూలీకి, కాలిబాట మీద నిద్రించే వృద్ధుడికి, కూడలిలో చేయి చాచే హిజ్రాకు మాత్రం సాధారణంగా మొదటి క్రియే వర్తిస్తుంది. వారిని ఎవరో ఫొటో తీస్తారు. ఆ చిత్రం ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో, దాని కింద ఏమి రాస్తారో వారికి తెలియదు.

నగరాల్లోని అట్టడుగు వర్గాల ప్రజలను గౌరవప్రదంగా చూపిన ఛాయాచిత్రాల గురించి ఇటీవలి దశాబ్దాల్లో ఎంతో చర్చ జరిగింది. ఈ చర్చలో సాధారణంగా వెలుగునీడల పొందిక, ముఖకవళికలు, కన్నులలోని తేజస్సు ప్రస్తావనకు వస్తాయి. అవి అవసరమైనవే. అయితే గౌరవం అన్నది చిత్రపు ఉపరితలం మీద కనిపించే గుణమా, లేక చిత్రం పుట్టిన తీరులో ఇమిడి ఉండే గుణమా అన్న ప్రశ్నకు వాటివల్ల సమాధానం దొరకదు. ఈ ప్రశ్నను పరిశీలించడానికి దయానితా సింగ్ రూపొందించిన ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ కంటే తగిన పుస్తకం మన దేశంలో మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చరిత్ర నేపథ్యం

ఈ పుస్తకం విలువ తెలియాలంటే ముందు కొంత వెనుకకు వెళ్ళాలి. 1839లో ఐరోపాలో ప్రకటితమైన ఛాయాచిత్రకళ మరుసటి ఏడాదికే భారతదేశం చేరింది. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసు నగరాల్లోను ఛాయాచిత్ర సంఘాలు ఏర్పడ్డాయి. 1857 తిరుగుబాటు తరువాత, తాము పరిపాలిస్తున్న జనం ఎవరో తెలుసుకోవాలన్న ఆరాటం బ్రిటిష్ ప్రభుత్వానికి పెరిగింది. ఆ ఆరాటానికి ఫలితం 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’. జె. ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే దీని సంపాదకులు. ఇందులో 450కి పైగా ఛాయాచిత్రాలున్నాయి. చాలా చిత్రాల కింద మనిషి పేరు ఉండదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. ఆ కులం నమ్మదగినదా, కలహశీలమైనదా, ప్రభుత్వానికి విధేయమైనదా అన్న వ్యాఖ్యానం పక్కనే ఉంటుంది. అంటే ఒక ముఖం ఒక వర్గానికి నమూనాగా మారిపోయింది.

1876–78 నాటి మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలోని కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలు అందులో చితికిపోయాయి. ఆ కాలంలో డబ్ల్యు. డబ్ల్యు. హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలోని క్షామపీడితులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఎముకలు లెక్కపెట్టగలిగిన ఆ దేహాలను చూసినవారు నేటికీ చలిస్తారు. కాని ఆ చిత్రాల్లో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు. ఆకలి దక్కింది, ఆకలిగొన్న మనిషి దక్కలేదు.

ఇదే కాలానికి మరొక పార్శ్వం హైదరాబాద్‌లో కనిపిస్తుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) స్టూడియోలో నవాబులు, జాగీర్దారులు, దొరలు తమకు నచ్చిన దుస్తుల్లో, నచ్చిన భంగిమలో కూర్చొని ఫొటోలు తీయించుకున్నారు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన 1892లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పి దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. గొప్పింటి స్త్రీని ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో అన్న విషయంలో ఎంత శ్రద్ధ తీసుకున్నారో గమనించాలి. ఆయన స్టూడియోకు చెందిన 2,800కు పైగా గాజు ఫలకాలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆ మర్యాద సాంకేతికంగా అసాధ్యమైనదేమీ కాదని, అది ఎవరికి చెల్లుతుందన్నదే అసలు విషయమని ఆ ఫలకాలు చెబుతాయి.

హిజ్రాల విషయంలో ఈ తేడా చట్టరూపం కూడా ధరించింది. నేరస్థ జాతుల చట్టంగా పేరుపడిన 1871 నాటి శాసనంలో రెండవ భాగం హిజ్రాలకు సంబంధించినది. అనుమానితులైన వారి పేర్లు, చిరునామాలు రిజిస్టరులో నమోదు చేయాలని, అలా నమోదైనవారు బహిరంగంగా స్త్రీ వేషం ధరించినా, ఆడినా పాడినా శిక్షార్హులని అది శాసించింది. నిజాం రాజ్యంలో 1329 ఫస్లీలో, అంటే 1919 ప్రాంతంలో, హైదరాబాద్ నగరానికి ఇదే ధోరణిలో మరొక చట్టం వచ్చింది. రాజ్యాలు మారినా, రాష్ట్రాలు ఏర్పడినా, చీలినా ఆ చట్టం పుస్తకాల్లో అలాగే నిలిచింది. తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది 2023 జూలైలో. నూరేళ్ళకు పైగా ఒక వర్గం ముఖం ప్రభుత్వం దృష్టిలో అనుమానితుల జాబితాలోని ముఖమే. మోనా అహ్మద్ కెమెరా ముందుకు వచ్చినప్పుడు ఆమె వెనుక ఈ చరిత్ర అంతా నిలబడి ఉంది.

తిరిగి ఇచ్చిన ఫిలిం

దయానితా సింగ్ 1961లో ఢిల్లీలో జన్మించారు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లోను, ఆ తరువాత న్యూయార్క్‌లోను చదివారు. తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ మీద 1986లో ఆమె తొలి పుస్తకం వెలువడింది. 1989లో లండన్ దినపత్రిక ఒకటి ఢిల్లీ హిజ్రాల మీద ఛాయాచిత్ర కథనం కోరింది. ఆ పనిమీద వెళ్ళి పాత ఢిల్లీలో ఆమె మోనా అహ్మద్‌ను కలుసుకున్నారు. చిత్రాలు తీయడం పూర్తయింది. అవి లండన్‌లో అచ్చవుతాయని తెలిసినప్పుడు మోనా అభ్యంతరం చెప్పారు. ఆమె బంధువులు అక్కడ ఉన్నారు, వారి కంట ఈ చిత్రాలు పడకూడదు. దయానిత ఫిలింను ఆమెకు ఇచ్చివేశారు. పత్రికకు ఆ కథనం అందలేదు.

ఒక యువ ఛాయాగ్రాహకురాలికి విదేశీ పత్రిక అప్పగించిన పని ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. తీసిన చిత్రం తన సొత్తు అని భావించడం ఆ వృత్తిలో సర్వసాధారణం, చట్టం కూడా చాలావరకు ఆ భావనకే అండగా నిలుస్తుంది. ఆ సొత్తును ఆమె వదులుకున్నారు. మోనాతో స్నేహం అక్కడినుంచి మొదలైంది. సుమారు 12 సంవత్సరాల తరువాత, 2001లో, జ్యూరిక్‌లోని స్కాలో సంస్థ ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ను ప్రచురించింది. ఈ పుస్తకంలో మనం చూసే చిత్రాలకు పునాది, మనం ఎన్నడూ చూడని ఆ చిత్రాలే. వద్దనే హక్కు ఒకసారి నిజంగా చెల్లుబాటైన తరువాతనే సరే అన్న మాటకు అర్థం వస్తుంది.

పుస్తకంలో మోనా

ఈ నలుపు తెలుపు చిత్రాల్లో మొదట మనల్ని ఆకట్టుకొనేది కోలాహలం. మోనా ఒక ఆడశిశువును దత్తత తీసుకున్నారు. ఆ బిడ్డ పుట్టినరోజులను ఆమె ఊరంతా చెప్పుకొనేలా జరిపారు. ఆ వేడుకల చిత్రాల్లో నృత్యాలున్నాయి, నగలున్నాయి, అతిథుల సందడి ఉంది, వీటన్నిటి నడుమ బిడ్డను ఎత్తుకొని మురిసిపోతున్న తల్లి ఉంది. హిజ్రా అనగానే పాఠకుడి మనసులో మెదిలే చప్పట్లూ చేయి చాచడమూ ఇక్కడ ప్రధానం కావు. పిల్ల జుట్టు, పిల్ల గౌను, పిల్ల నిద్ర ప్రధానం. మాతృత్వం అనే మాటను ఏ ఉపన్యాసమూ లేకుండా ఈ చిత్రాలు మన అనుభవంలోకి తెస్తాయి.

తరువాత పుస్తకం స్వరం మారుతుంది. బిడ్డ మోనాకు దూరమవుతుంది. గురువుతోను, తన సమూహంతోను ఆమెకు తెగతెంపులవుతాయి. సమాజం వెలివేసిన వారి సమూహం కూడా ఆమెను వెలివేసింది. ఆమె పాత ఢిల్లీ సమీపంలోని ఒక శ్మశానవాటికలో, తన పూర్వీకుల సమాధుల చెంత నివాసం ఏర్పరచుకున్నారు. అక్కడే గదులు కట్టించారు, జంతువులను పెంచారు, పెద్ద పెద్ద ఊహలు చేశారు. ఈ భాగంలోని చిత్రాల్లో మనుషులు తగ్గుతారు, ఖాళీ స్థలం పెరుగుతుంది. ఏకాకితనాన్ని చూపడానికి ఛాయాగ్రాహకురాలు ఏ నాటకీయతనూ ఆశ్రయించలేదు. మోనా కెమెరా వైపు చూసే చూపులో ఒక్కోసారి అలసట, ఒక్కోసారి చిలిపితనం, ఒక్కోసారి కోపం కనిపిస్తాయి. సానుభూతి కోసం అర్థింపు మాత్రం కనిపించదు.

దయానిత ఆ తరువాత 2003లో ‘ప్రైవసీ’ అనే పుస్తకంలో సంపన్న కుటుంబాల వారిని వారి ఇళ్ళలో చిత్రించారు. ఆ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. దివాన్‌ఖానాలో కూర్చున్న గృహిణిని ఆమె ఎంత నిదానంగా, ఎంత శ్రద్ధగా చూశారో, సమాధుల మధ్య కూర్చున్న మోనాను అంతే నిదానంగా చూశారు. ఇద్దరికీ కొలమానం ఒక్కటే. శ్మశానం ఇక్కడ భయానకమైన రంగస్థలం కాదు. అది మోనా ఇల్లు.

పుస్తకంలోని వచనం మోనాదే. ప్రచురణకర్త వాల్టర్ కెల్లర్‌కు ఈమెయిల్ లేఖల రూపంలో ఆమె తన కథ తాను చెప్పుకున్నారు. తన జీవితంలో ఏది ముందు చెప్పాలో, ఏది దాచాలో, ఏది కొంచెం పెంచి చెప్పాలో ఆమే నిర్ణయించుకున్నారు. 1868 నాటి సంపుటాల్లో చిత్రం పక్కన అధికారి వ్యాఖ్యానం ఉండే చోట, ఇక్కడ చిత్రంలోని మనిషి మాట ఉంది. చరిత్ర విద్యార్థికి ఇది చిన్న మార్పుగా తోచదు.

రెండు పేర్లు, రెండు దృక్పథాలు

పోలిక కోసం మరొక ప్రసిద్ధ గ్రంథాన్ని తీసుకుందాం. అమెరికన్ ఛాయాగ్రాహకురాలు మేరీ ఎలెన్ మార్క్ 1978లో బొంబాయి వేశ్యావాటికలో కొన్ని నెలలు పనిచేసి, 1981లో ‘ఫాక్‌లాండ్ రోడ్’ వెలువరించారు. అంతకు దశాబ్దం ముందునుంచి ఆమె ఆ వీధిలో ఫొటోలు తీయాలని ప్రయత్నించి, అక్కడి వారి ఆగ్రహానికి గురై వెనుదిరిగారు. చివరకు వారి నడుమ మసలుకొని, కొందరితో చెలిమి చేసి చిత్రాలు తీశారు. ఆ పట్టుదల, ఆ ధైర్యం తక్కువవి కావు. గాఢమైన రంగుల్లో తీసిన ఆ చిత్రాల్లో స్త్రీల పరస్పర ఆప్యాయత, విసుగు, హాస్యం కూడా ఉన్నాయి. అయినా అవి చూసిన తరువాత మన మనసులో మిగిలేది ప్రధానంగా ఒక స్థలం, ఒక వృత్తి. ఆ మనుషులు ఆ గదుల్లోనే మొదలై ఆ గదుల్లోనే ముగుస్తారు.

పుస్తకాల పేర్లే ఈ తేడాను చెబుతాయి. ఒక దాని పేరు వీధి పేరు. మరొక దాని పేరు మనిషి పేరు. పైగా ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ అన్నది మన దేశంలో ఎవరైనా తమను తాము పరిచయం చేసుకొనే తీరు. బడిలో కొత్తగా చేరిన పిల్లవాడు, ఉద్యోగానికి వచ్చిన యువతి అలాగే మొదలుపెడతారు. వ్యాకరణవేత్తలు దానిని తప్పు ఇంగ్లీషు అనవచ్చు. అట్ట మీద దానిని దిద్దకుండా ఉంచడమే పాఠకుడికి మొదటి సూచన: ఇక్కడ పరిచయం చేస్తున్నది ఛాయాగ్రాహకురాలు కాదు.

పరిమితులు

అయితే ఈ పుస్తకాన్ని విమర్శకు అతీతమైనదిగా భావించనక్కరలేదు. హిందుస్తానీలో ఆలోచించే మనిషి కథ ఇంగ్లీషులో, స్విట్జర్లాండ్‌లో అచ్చయింది. మోనా మాటకూ మనకూ మధ్య అనువాదం అనే తెర ఉంది. ఆ తెర మీద ఎక్కడ ఎవరి చేయి పడిందో పాఠకుడు తేల్చుకోలేడు. పాత ఢిల్లీలోని ఆమె ఇరుగుపొరుగు వారిలో ఈ పుస్తకాన్ని కొని చదవగలిగే వారు ఎందరు? గౌరవప్రదమైన చిత్రం కూడా దూరదేశపు ప్రదర్శనశాలలోనే ఆదరణ పొందితే, ఆ గౌరవం ఆ మనిషి నడిచే వీధిలోకి చేరడానికి ఎంతకాలం పడుతుంది? ఈ ప్రశ్నలు దయానితకు మాత్రమే వేయవలసినవి కావు. మన ప్రచురణ సంస్థలు, మ్యూజియంలు, కళాశాలలు కూడా వీటికి బాధ్యత వహించాలి.

రెండవ సందేహం మరింత లోతైనది. మోనా జీవితం అసాధారణమైనది. అసాధారణమైన వ్యక్తిని గౌరవించడం సులభం. ఏ ప్రత్యేకతా లేని, రోజుకూలీ చేసుకొని సాయంత్రం ఇంటికి చేరే హిజ్రాకు అదే గౌరవం దక్కుతుందా? ఈ ప్రశ్నకు కొంతవరకు జవాబు చరణ్ సింగ్ చిత్రాల్లో దొరుకుతుంది. ఢిల్లీలోని కోఠీలు, హిజ్రాలు మొదలైన వారిని ఆయన 2013 నుంచి నలుపు తెలుపులో చిత్రించారు. వారిని వీధిలో వెంటాడక, పరదా కట్టిన స్టూడియో వాతావరణంలో కూర్చోబెట్టారు. స్టూడియో అంటే తీయించుకొనే చోటు. దీన్ దయాళ్ స్టూడియోలో ప్రభువులకు దక్కిన ఆ పరదా, ఆ నిదానం, ఆ ఎంపిక ఇక్కడ మరొక వర్గానికి దక్కాయి. ఆయన స్వయంగా ఆ లోకానికి సన్నిహితుడు కావడం వల్ల ఆ చిత్రాల్లో పరాయిచూపు తక్కువ.

మోనా విషయంలో దయానిత చూపు పుస్తకంతో ఆగలేదని కూడా చెప్పాలి. 2013 వెనిస్ బినాలేలో జర్మనీ తరఫున ప్రదర్శితమైన కృతులలో ‘మోనా అండ్ మైసెల్ఫ్’ అనే చలనచిత్రం ఒకటి. అందులో మోనా పడుకొని పాట వింటూ ఉంటారు. దాదాపు ఏమీ జరగదు. కనురెప్పలు కదలడం, భావం మారడం తప్ప కథ లేదు. 1989లో పరిచయమైన మనిషిని పాతికేళ్ళ తరువాత కూడా అంతే ఓపికతో చూడగలగడం అరుదు. 2017లో మోనా కన్నుమూశారు. 2022లో దయానితకు ప్రతిష్ఠాత్మకమైన హాసెల్‌బ్లాడ్ పురస్కారం లభించింది.

ఒక స్వీయానుభవం

ఈ వ్యాసం రాయడానికి పురికొల్పిన ఒక సంఘటన చెప్పి ముగిస్తాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఒక పట్టణంలో మురికివాడల గృహవసతి పథకానికి లబ్ధిదారుల ఫొటోలు తీయించే పని నాకు అప్పగించారు. రోజుకు ఇన్ని గడపలు అని లెక్క. ఒక్కొక్కరినీ గుడిసె ముందు నిలబెట్టి, చేతికి నంబరు రాసిన పలక ఇచ్చి ఫొటో తీసేవాళ్ళం. రోడ్లు ఊడ్చే ఒక పెద్దామె అప్పుడే పనినుంచి వచ్చింది. “కూసింత ఆగండి సారూ, మొగం కడుక్కొని మంచి చీర కట్టుకొని వస్తాను” అంది. సమయం లేదన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని పలక పట్టుకొని నిలబడింది. ఫొటో అయ్యాక, “దీన్ని కాస్త పెద్దది చేసి ఇస్తారా? ఇంట్లో నాదొక్కటీ లేదు. రేపు నేను పోతే దండ వెయ్యడానికైనా ఉండాలిగదా” అని అడిగింది. ఇది ఆఫీసు ఫైలు కోసం మాత్రమేనని చెప్పి తరువాతి గడపకు నడిచాను.

ఆమె ఆ రోజు ఫొటో తీయించుకోవాలనుకుంది. నేను ఆమె ఫొటో తీశాను. నా చేతిలోని నిబంధనల ప్రకారం నేను చేసిన దానిలో తప్పు లేదు. ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’ చూసినప్పుడు మాత్రం మొదట గుర్తుకు వచ్చింది ఆ పలకే. అయిదు నిమిషాల వ్యవధి, ఒక చీర, ఒక ప్రతి: ఆమె అడిగినవి ఈ మూడే. పుస్తకం తయారుకావడానికి పట్టిన పన్నెండేళ్ళతో పోలిస్తే అది ఎంత?

2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిజ్రాలను, ఇతర ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకొనే హక్కు గల పౌరులుగా గుర్తించింది. తనను తాను ఎలా చెప్పుకోవాలో నిర్ణయించుకొనే హక్కు అది. ఛాయాచిత్రంలో మర్యాద అనేది కూడా ఆ హక్కుకు సంబంధించినదే. ప్రభుత్వ ప్రచురణల కోసం, పథకాల కోసం, ప్రదర్శనల కోసం పేదల చిత్రాలు సేకరించే మనమంతా ప్రతి చిత్రం ముందూ మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. వారు వద్దంటే మనం నిజంగా మానుకొని ఉండేవాళ్ళమా? చిత్రం కింద వారు చెప్పమన్న పేరు ఉందా? వారి ఇంట్లో ఒక ప్రతి ఉందా?

ఆ పెద్దామె ఫొటో ఉన్న ఫైలు కోసం కొన్నేళ్ళ తరువాత వాకబు చేశాను. కాలం తీరిన కాగితాలతోపాటు దానినీ తీసివేశారని తెలిసింది. ఆమె ఇంటి గోడ మీద దండ వేయడానికి ఇప్పుడు ఏ చిత్రం ఉందో నాకు తెలియదు.